మూడో విస్తరి

కోటేశ్వర్లుకు ఏ పనైనా చేయడం కంటే, ఎలా చేయాలో చెప్పడమే ఎక్కువ ఇష్టం. మార్కాపురం బజారులో వాళ్ల నాయనకు పలకల దుకాణం ఉండేది. వీడు అమ్మిన పలకల కంటే బలపంతో గీసి పాడుచేసినవే ఎక్కువని ఆయన వచ్చిన ప్రతి బేరగాడికీ చెప్పుకుని ఏడ్చేవాడు.

ఈసారి గీసింది గద్దబండ. గిద్దలూరు దాటి నల్లమల లోపలికి పోతే, కత్తితో నిలువునా కోసినట్టుండే చరియ. పైన ఒక చెట్టు మొద్దు, మొద్దు చుట్టూ తిప్పిన తాడు, తాడు పట్టుకుని ఒక మనిషి, తాడుకు వేలాడుతూ ఇంకో మనిషి. పలక మీద అంతా చులాగ్గానే కనిపించింది. వేలాడేవాడు మాలకొండయ్య. కొనకనమిట్ల దగ్గర పల్లెలో గొర్రెలు కాసుకునేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడిలో దెబ్బలు తిన్నారు, ఆ స్నేహం అట్లాగే నిలిచిపోయింది. గొర్రెల వెంట గుట్టలెక్కినవాడే కానీ తాడు మీద దిగిన అనుభవం మాలకొండయ్యకు లేదు. ఇక కోటేశ్వర్లు జన్మలో ఎక్కినదల్లా దుకాణం అటక.

"తాడు కొస మొద్దుకు కట్టేస్తాం. మళ్ల నా చేతిలో పెట్టుకుంటా. రెండు కాపలాలు. ఏమంటావు?" అన్నాడు కోటేశ్వర్లు.

"అననీకి ఏముంది శెట్టీ. దిగేది నేను గదా," అన్నాడు మాలకొండయ్య.

వీళ్లు సరదాకు బయలుదేరడం లేదు. మాలకొండయ్య భార్య పుల్లమ్మకు బ్రహ్మం అని ఒక్కడే తమ్ముడు. పోయిన ఎండాకాలం తేనె కోసం గద్దబండ దిగి, తాడు తెగి పడిపోయాడు. చరియ మధ్యలో అరుగులా ముందుకొచ్చిన రాతి మీద ఎర్ర తలగుడ్డ కనిపిస్తోందని పశువుల కాపర్లు వచ్చి చెప్పారు. అంతే. ఏడాది తిరిగినా ఎవరూ దిగలేదు, ఎవరూ తేలేదు, ఎవరూ కొరివి పెట్టలేదు.

దిగకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదు. కొండతేనె తీసే చెంచులకు ఒక కట్టడి ఉంది. వాళ్ల దగ్గర ఆ పని నేర్చుకున్నవాళ్లకూ అదే కట్టడి. దిగేవాడి తాడును పైన వాడి పెళ్లాం తోడబుట్టినవాడే పట్టాలి. తోబుట్టువు పసుపుకుంకాలు తన చేతిలో ఉన్నాయి గనక వాడు ప్రాణం పోయినా వదలడని నమ్మకం. బ్రహ్మానికి పెళ్లి కాలేదు, పట్టే బావమరిది లేడు. మాలకొండయ్యను రమ్మని అడిగాడు. "నేను నీ అక్క మొగుణ్ని రా. నీ తాడు నేను పట్టగూడదు," అన్నాడు మాలకొండయ్య. కట్టడి కట్టడే. బ్రహ్మం నవ్వి, తాడు తానే మొద్దుకు కట్టుకుని ఒంటరిగా దిగాడు. ఇప్పుడు వాణ్ని తేవడానికి మాలకొండయ్య దిగాలి. మాలకొండయ్య తాడు పట్టవలసిన ఒక్కగానొక్క బావమరిది ఆ అరుగు మీదే పడి ఉన్నాడు. ఈ చిక్కును ఊళ్లో పెద్దలందరూ ఏడాదిపాటు నమిలి నమిలి వదిలేశారు.

పుల్లమ్మ మాత్రం వదల్లేదు. ప్రతి పొద్దూ తమ్ముడి కంచంలో సంగటి పెట్టి గడప పక్కన ఉంచేది. తెల్లారి తీసి కుక్కకు వేసేది. మొగుణ్ని పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేదని మాలకొండయ్యకు అనిపించేది. ఇప్పుడామె కడుపుతో ఉంది. తమ్ముడి కంచం పెట్టందే తాను ముద్ద ముట్టదు. ఆ కంచాన్ని చూడలేకే మాలకొండయ్య దిగుతానన్నాడు, స్నేహితుణ్ని చూడలేకే కోటేశ్వర్లు తాడు పట్టుకుంటానన్నాడు. అన్న తర్వాత చాలా రోజులు వాడికి నిద్ర పట్టలేదు. అది పలక మీద గీసేది కాదు గదా.

రైలుకు పోదామని మొదట అనుకున్నారు. "వచ్చేటప్పుడు ఎముకల మూట చూసి, ఎవరెవరికి టిక్కెట్టు తీసినారని అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు కోటేశ్వర్లు. మాలకొండయ్య నవ్వలేదు. అలా అన్నందుకు కోటేశ్వర్లుకే నాలుక కొరుక్కోవాలనిపించింది. చివరికి దుకాణం బండే కట్టారు.

బయలుదేరే పొద్దున పుల్లమ్మ బండి దగ్గరకు వచ్చింది. అన్నం మూటలు ఇచ్చి కోటేశ్వర్లు వైపు తిరిగింది.

"అన్నా, ఊళ్లో అందరినీ అన్నా అనే పిలుస్తాం. అది నోటిమాట. ఈ మాట అట్లాంటిది కాదు. తాడు నీ చేతిలో ఉన్నంతసేపు నువ్వు నా తోడబుట్టినోడివి."

"సరేనమ్మా," అన్నాడు కోటేశ్వర్లు.

ఊరు దాటాక చూసుకుంటే మూటలు మూడున్నాయి. దారి దూరం గనక ఒకటి ఎక్కువ కట్టిందనుకున్నారు. ఆ సంగతి ఇద్దరూ రెండోసారి ఎత్తలేదు.

కంభం దగ్గర వాన పట్టుకుంది. బండిలో మనుషులు గోనెపట్టాలు కప్పుకున్నారు కానీ, కొత్త జనపతాడు అడుగున నీళ్లలో నానింది. నానితే గట్టిపడుతుందని కోటేశ్వర్లు తేల్చేశాడు. తేల్చడంలో వాడికి ఎప్పుడూ కొరత లేదు.

గిద్దలూరులో రామతులసమ్మ అనే ముసలావిడ పూటకూళ్లిల్లు నడిపేది. బండ్ల వాళ్లందరికీ వసారాలోనే వడ్డించేది. వీళ్లు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మూడు విస్తర్లు వేసి ఉన్నాయి.

"ఇద్దరమేనమ్మా," అన్నాడు కోటేశ్వర్లు.

"ఆయన కాళ్లు కడుక్కుంటాండాడు గదా నాయనా. రానీ," అంటూ ఆమె మూడో విస్తట్లో కూడా అన్నం పెట్టింది.

కోటేశ్వర్లు పెరట్లోకి చూశాడు. తొట్టి దగ్గర ఎవరూ లేరు. చెంబు బోర్లించి ఉంది, రాతి మీద నీళ్లు ఇంకా జారుతున్నాయి. తాము కడుక్కున్న నీళ్లేనని మనసుకు చెప్పుకున్నాడు. మాలకొండయ్య కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సర్కారు అడవి గేటు దగ్గర గార్డు బండిని ఆపాడు. కట్టెలకు కాదని, మనిషి ఎముకల కోసమని చెబితే జాలిపడి గేటెత్తాడు. బండి కదిలాక వెనక నుంచి కేకేశాడు.

"వెనక కూచున్నాయన్ని ఆ ఎర్ర తలగుడ్డ తీసేయమనండి. అడవి దున్నలు బెదురుతాయి."

మాలకొండయ్యకు తలగుడ్డే లేదు. కోటేశ్వర్లుది తెల్లది. ఇద్దరూ ముందే కూర్చుని ఉన్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. బండి వెనక బరువు ఉన్నట్టు ముందున్న నొగ మాత్రం కొంచెం పైకి లేచి ఉంది. ఎద్దులు చెవులు వెనక్కి పెట్టుకుని నడిచాయి.

చాలాసేపటికి మాలకొండయ్య అన్నాడు: "వాడు నా కోసరమే వస్తాండాడు శెట్టీ. నేను పట్టనంటి గదా. ఇప్పుడు నేను యాడ దిగుతానో చూసి, నా తాడు వదిలేయనీకి వస్తాండాడు."

"తిరిగి పోదామా?"

మాలకొండయ్య మూడో అన్నం మూట వైపు చూశాడు. దాన్ని ఎవరూ విప్పలేదు. "పోతే ఆమె రేపు మళ్ల కంచం పెడతాది," అన్నాడు. అక్కడితో ఆ మాట తెగింది.

గద్దబండ మీదికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ తెల్లగా కాస్తోంది. గాలి లేదు, ఒక్క పిట్ట లేదు. బ్రహ్మం కట్టుకున్న మొద్దు అక్కడే ఉంది, తెగిన తాడు కొస ఎండి దానికి అతుక్కుని ఉంది. పక్కనే తమ తాడు తిప్పి కట్టి కిందికి వదిలారు. మాలకొండయ్య బోర్లా పడుకుని తొంగి చూశాడు. తాడు అరుగుకు అందడం లేదు. కాపర్లు చెప్పిన లోతుకు మార్కాపురంలో కొలిచినప్పుడు ఇంకా మిగిలిన తాడు, వానకు నాని, ఎండకు ఆరి, బిగుసుకుని పొట్టిదైంది. దుకాణంలో గోనెలు కుట్టే పురికొస తడిస్తే ఏమవుతుందో కోటేశ్వర్లు పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాడు. అయినా తట్టలేదు.

"ముడి విప్పు. ముడికి పోయిన తాడు కలిస్తే చాలు. మొద్దుకు ఒక్క చుట్టు ఉంచి కొస నువ్వు పట్టుకో," అన్నాడు మాలకొండయ్య.

"కట్టకుండానా?"

"ఇంగ ముడివి నువ్వే."

కోటేశ్వర్లు ముడి విప్పాడు. రెండు కాపలాల్లో ఒకటి పోయింది, మిగిలింది తన రెండు చేతులు. త్రాసు తప్ప బరువెరగని చేతులవి. మాలకొండయ్య నడుముకు తాడు బిగించుకుని, అంచు మీదికి పాకి, ఒకసారి కోటేశ్వర్లు ముఖంలోకి చూసి కనిపించకుండా పోయాడు.

తాడు కొంచెం కొంచెంగా వదిలాడు. చేతులు మండాయి. కింద నుంచి చిన్న రాళ్లు జారిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత బరువు తగ్గింది. అరుగు అందింది. ఏడాదిగా ఒంటరిగా పడి ఉన్నవాడి దగ్గర తన స్నేహితుడు కూర్చున్నాడనుకుంటే కోటేశ్వర్లుకు కళ్లు చెమర్చాయి. చాలాసేపటికి తాడు రెండుసార్లు కదిలింది. లాగమని సైగ. లాగడం మొదలుపెట్టాడు.

తేనెటీగలు కింద నుంచి లేచాయి. చప్పుడు ముందు వచ్చింది, తర్వాత అవి వచ్చాయి. కంటి మీద ఒకటి, పెదవి మీద ఒకటి, మెడ మీద ఎన్నో. కోటేశ్వర్లు రెండు చేతులతో ముఖం మూసుకుని కూలబడ్డాడు.

రెండు చేతులతో.

అది తెలిసిన క్షణంలో కేక కోసం, కింద పడిన చప్పుడు కోసం చెవులు ఎదురుచూశాయి. ఏమీ వినిపించలేదు. వేళ్ల సందుల్లోంచి చూశాడు. మొద్దు మీద చుట్టు బిగిసే ఉంది. మొద్దు నుంచి కొస తన భుజం పక్కగా, నేలకు తగలకుండా, తిన్నగా వెనక్కి పోయి బిగిసి ఉంది. ఎవరో వెనక కాళ్లు తన్నిపెట్టి, ఒళ్లు వెనక్కి వాల్చి పట్టినట్టు.

తేనెటీగలు లేవు. ఎప్పుడు పోయాయో తెలియదు. తాడు మెల్లగా కదిలింది. ఒక లాగు, ఒక ఆపు. ఒక లాగు, ఒక ఆపు. తొందర లేదు, తడబాటు లేదు. ఆ పని బాగా తెలిసిన చేతులవి. తన భుజం పక్క నుంచి తాడు వెనక్కి జరుగుతుంటే కోటేశ్వర్లు వెనక్కి చూడలేదు. ఊపిరి వినిపించింది. తేనె వాసన వచ్చింది. వదలొద్దు నాయనా అని మనసులోనే దణ్ణం పెట్టాడు. వెనకున్నవాడు వదిలితే అడ్డుపడి పట్టుకోవడానికి కూడా తన చేతులు లేవడం లేదు.

అంచు మీద మాలకొండయ్య చేతులు కనిపించాయి, తర్వాత తల. మెడకు ఎర్ర తలగుడ్డతో కట్టిన మూట. పైకి పాకి, మూట దించి, దాని పక్కనే వెల్లకిలా పడిపోయాడు. అప్పుడు తాడు నేల మీద పడింది.

"బాగా పట్టినావు శెట్టీ," అన్నాడు రొప్పుతూ. "ఒక్క జానెడు గూడా జారలా. నీకింత చేవ ఉందని నేననుకోలా."

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కోటేశ్వర్లు వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినవాడే. అయినా నోరు రాలేదు.

"నేను పట్టలా కొండయ్యా. వదిలేసినా."

మాలకొండయ్య లేచి కూర్చున్నాడు. వాచిపోయిన స్నేహితుడి ముఖం చూశాడు. మొద్దును చూశాడు. నేల మీద పడి ఉన్న తాడు కొస దగ్గరకు పోయి, దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్లీ మూట దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"నేను పట్టనంటి రా బ్రహ్మం," అన్నాడు మూటతో. "ఏదో కట్టడి అంటి. నువ్వు నవ్వి పోతివి." ఆ తర్వాత వాడు ఏడ్చిన ఏడుపు కోటేశ్వర్లు అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు.

గిద్దలూరు పక్కన సగిలేరు వానకు పారుతోంది. ఒడ్డున పుల్లలు పేర్చి కొరివి పెట్టారు, బూడిద నీళ్లలో కలిపారు. పుల్లమ్మ కట్టిన మూడో మూట విప్పి అక్కడే పిండంగా పెట్టారు. కాకులు వెంటనే ముట్టాయి. బండి ఎక్కి కూర్చుంటే నొగ తిన్నగా నిలిచింది. ఎద్దులు చెవులాడించుకుంటూ నడిచాయి.

రామతులసమ్మ ఇంట్లో కాళ్లు కడుక్కుని వసారాలోకి వచ్చేసరికి రెండు విస్తర్లు వేసి ఉన్నాయి. అన్నం వడ్డించి, పప్పు గిన్నె తెచ్చింది. మాలకొండయ్య కూర్చోలేదు. ఆ రెండు విస్తర్ల వైపు, వాటి పక్కన ఊడ్చిన ఖాళీ నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏ విస్తరిని చూసి పోయేటప్పుడు ముద్ద వదిలి పారిపోయాడో, ఆ విస్తరి కోసం వాడి కళ్లు వెతుకుతున్నాయి.

"ఇంకొక ఆకు వెయ్యమ్మా," అన్నాడు.

"ఎవరికి నాయనా? మీరిద్దరే గదా వచ్చినారు."

కోటేశ్వర్లు వాచిన పెదవులతోనే చెప్పాడు.

"మా తమ్మునికమ్మా."

ఆమె ఆకు వేసి, అన్నం పెట్టి, పప్పు పోసింది. ఇద్దరూ చెయ్యి పెట్టకుండా చాలాసేపు కూర్చున్నారు. అన్నం చల్లారింది. పెరట్లో తొట్టి దగ్గర రాయి పొడిగా ఆరిపోయి ఉంది.