జిలేబికి మత్తిచ్చిన రోజు

మొఘల్‌పురా మొత్తంల నా అంత గుండె గట్టి మనిషి లేడు. ఇది నా డప్పు నేను కొట్టుకునుడు గాదు, కావాలంటే మా గల్లీల ఎవరినన్న అడుగుండ్రి. చిన్నప్పుడు మా ఊర్లె బర్రె ఈనలేక తన్లాడుతుంటే మోచేతి దాంక చెయ్యి వెట్టి దూడను బయటికి గుంజిన. ఆ దూడ నేల మీద పడంగనే ముందుగాల నాకే దండం వెట్టింది, తర్వాతనే తల్లి పాలు తాగింది. నెత్తురు, కోత, కుట్లు, సూదులు, ఇవన్నీ నాకు చాయ్‌ల బిస్కెట్ ముంచుకున్నంత పని. అందుకే మాణిక్యమ్మ తన కుక్కను ఆపరేషన్‌కు తోల్కపోవాల్సి వచ్చినప్పుడు, గల్లీల అంతమంది ఉండంగ, "పెంటయ్యన్నా, నువ్వు తోడు రా" అని నన్నే పిలిచింది.

మాణిక్యమ్మ మా పక్కింటామె. కంచన్‌బాగ్ దిక్కు ఒక ఫ్యాక్టరీల ఊడ్చే పని చేస్తది. కుక్క పేరు జిలేబి. తోక సుట్టలు తిరిగి ఉంటదని ఆ పేరు నేనే వెట్టిన. పొద్దుగాల మాణిక్యమ్మను బస్సు ఎక్కించి రావాలె, సాయంత్రం ఆమె దిగంగనే సంచి వాసన చూడాలె, లేకుంటే ఆ కుక్కకు దినం గడవది. ఆమెకూ గంతే.

ఆ జిలేబికి చన్ను పక్కన గడ్డ లేసింది. మొదలు చింతగింజంత ఉండె, చూస్తుండంగనే నిమ్మకాయంత అయ్యింది. హుస్సేనీ ఆలం దిక్కు ఒక చిన్న కుక్కల దవాఖాన ఉన్నది. అక్కడి డాక్టరమ్మ హరిప్రియ, కోస్తా దిక్కు పిల్ల, గడ్డను నొక్కి చూసి ఇప్పుడే తీసేస్తే మంచిదన్నది. మాణిక్యమ్మకు కోతంటే భయం లేదు. ఆమె భయమంతా మత్తు గురించే. వాళ్లక్క ఎన్కట ఒక దవాఖానల మత్తు సూది తీసుకొని లోపలికి పోయింది, మళ్ల కండ్లు తెరవలే. అందుకని ఆమె నర్సు స్వీటీ చెయ్యి వట్టుకొని ఒక్క మాటే అడిగింది.

"లేస్తది గదా బిడ్డా?"

వేరేటోళ్లయితే ఫికర్ చెయ్యకు అని భుజం తట్టి పంపుదురు. స్వీటీ గట్ల అనలే. మత్తంటే ఉత్త నిద్ర గాదనీ, ఆ కాసేపు దాని ఊపిరి బరువంతా తమ మీదే ఉంటదనీ ఉన్నదున్నట్టు చెప్పింది. లేచేదాంక దాని మీదికెళ్లి చెయ్యి తియ్యనని మాటిచ్చింది. ముందురోజు ఫోన్ చేసి రాత్రి నుంచి తిండి వెట్టొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది. మత్తుల గొంతు సడలిపోతదట. కడుపుల ఏమన్న ఉంటే పైకొచ్చి ఊపిరితిత్తులల్ల పడ్తదట. గట్ల పడ్డదా, ఇగ కుక్క మనకు దక్కదు.

మాణిక్యమ్మ మాట తప్పలే. రాత్రి జిలేబి ఖాళీ గిన్నెను మూతితో నూకుకుంట ఇల్లంత తిప్పింది. అయినా ఆమె మెతుకు విదిలియ్యలే. దానికి లేంది నాకెందుకని తనూ పస్తే పండుకున్నది.

తెల్లారి ఆటో వచ్చింది. పెద్ద పని మీద పోయేటోళ్లకు మనం చేతిల ఏం వెడ్తం? పెరుగు, చక్కెర. పరీక్షకు పొయ్యే పోరగాళ్లకు వెడ్తం, నౌకరీ అడగ పొయ్యేటోళ్లకు వెడ్తం. మాణిక్యమ్మ గూడ గడప కాడ కూసొని దోసిట్ల పెరుగు పోసి జిలేబి మూతికి వెట్టింది. చప్పున నాకేసింది. బయలెల్లి గడప దాటినమో లేదో ఆటో బాలరాజ్ తుమ్మిండు. ఇగ ఎట్ల పోతం? లోపలికొచ్చి అందరం కూసున్నం, మంచినీళ్లు తాగినం. కొత్తగ బయలెల్లుతున్నం గనుక మళ్ల పెరుగు. ఈసారి ఆమె గిన్నె మొత్తం దాని ముందట వెట్టింది. ముందుండి చూస్తున్న నాకు గూడ ఏమనిపియ్యలే. ఎందుకనిపిస్తది? అది శకునమాయె.

దవాఖానల స్వీటీ మొట్టమొదలు అదే అడిగింది, పొద్దుగాల ఏమన్న తిన్నదా అని. మాణిక్యమ్మ లేదన్నది. ఆమె నోటెంట అబద్ధం రాదు. ఆమె లెక్కల అది నిజమే.

స్వీటీ జిలేబి ముందటి కాలు మీద ఎంటికలు గీకి, నరానికి సన్న సూది గొట్టం కట్టింది. కోత వెట్టకముందే నొప్పి మందు ఎక్కించింది. నొప్పి లేవనేలేదు, ఇప్పుడే మందెందుకని నేను ఎచ్చులకు అడిగిన. "అది వచ్చినంక దాని ఎనక ఉరుకుతే అందది తాతా. రాకముందే దర్వాజ పెట్టాలె" అన్నది. లోపలికి మమ్మల్ని రానియ్యలే. మాణిక్యమ్మ బెంచీ మీద కూసొని కండ్లు మూసుకున్నది. నేను తలుపుకున్న అద్దానికి ముక్కు ఆనిచ్చి నిలబడ్డ.

డాక్టరమ్మ పాలలాంటి మందు మెల్లగ నరానికి ఎక్కిస్తున్నది. జిలేబి మెడ వాలిపోయింది. స్వీటీ దాని నోరు తెరిచి, నాలుక బయటికి గుంజి వట్టుకున్నది. ఊపిరి గొట్టం వెయ్యాలని డాక్టరమ్మ వంగింది. గంతల్నే గొంతుల నుంచి తెల్లగ పొంగుకొచ్చింది. ఎక్కించిన మందే బయటికొస్తుందేమో అనుకున్న. కాదు. గడ్డలు గడ్డలు. పెరుగు.

నేను అద్దాన్ని రెండు చేతులతోని వట్టుకున్న.

లోపల ఎవరూ అరవలే. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. "స్వీటీ, తల కిందికి" అన్నది డాక్టరమ్మ. ఆ మాట పూర్తిగాకముందే స్వీటీ కుక్క తలను బల్ల అంచు మీదికెళ్లి కిందికి వాల్చింది. ఒక చేత్తోని గొంతుల గుంజుడు గొట్టం వెట్టింది, ఇంకో చేత్తోని గుడ్డ పేలికలతోని ఊడ్చింది. గుర్రుగుర్రుమని మిషిన్ చప్పుడు. ఆ నాలుక, రోజూ నా చేతులు నాకే ఆ గులాబి నాలుక, నేరేడు పండు రంగుకొచ్చింది. జిలేబి పొట్ట లేస్తలేదు. నేను చూసిన్నంటే చూసిన, పొట్ట లేస్తలేదు.

ఇగ నా గుండె గట్టితనం ముచ్చట మీరు కొట్టేసుకోవచ్చు. నేను ధన్‌మని పడ్డ. కండ్లు తెరిచి చూస్తే నా తల కింద జిలేబి తువ్వాల ఉన్నది, మాణిక్యమ్మ అట్టముక్కతోని విసురుతున్నది. లోపల తన పానమంత కుక్క ఎట్లున్నదో తెల్వదు, బయట నాకు సేవలు. బర్రె ముచ్చట గూడ కొట్టేయుండ్రి. దూడను గుంజింది మా నాయిన. నేను గడ్డివాము ఎనక దాసుకున్న.

తలుపు తెరుచుకున్నది. స్వీటీ చేతిల సీసా, సీసాల తెల్లగ. గొట్టం లోపలికి పోయిందనీ, ఊపిరి ఆడుతున్నదనీ ముందుగాల చెప్పింది. ఆ తర్వాత మాణిక్యమ్మ ముందట మోకాళ్ల మీద కూసున్నది.

"అమ్మా, దీనికి ఏం వెట్టినవ్?"

"ఏం వెట్టలే బిడ్డా. అక్క తోడు, మెతుకు వెట్టలే."

"మరి ఇదేంది?"

మాణిక్యమ్మ సీసా దిక్కు చూసింది. "అది పెరుగు. మంచిగ తిరిగి రావాలని వెట్టిన. అది తిండి ఎట్లయితది?"

స్వీటీ సీసాను కింద వెట్టింది. మాణిక్యమ్మ అన్న మాట ఆమెకే మెల్లమెల్లగ ఇనవడ్డట్టున్నది, నోరు తెరిచింది, మళ్ల ముయ్యలే. అక్క లెక్క పోవద్దని ఏది వెట్టిందో అదే దాని గొంతుకు అడ్డం వడ్డది. ఆ మొఖం చూస్తే తిట్టేటోనికి గూడ నోరు లేవది. స్వీటీ ఆమె రెండు చేతులు వట్టుకొని, "తప్పు నేను అడిగిన తీరుల ఉన్నదమ్మా" అని లేచి లోపలికి పోయింది.

ఆ రోజు కొయ్యలే. డాక్టరమ్మ గొట్టం తోనే గాలి పంపి, ఊపిరితిత్తుల మీద ఆ ఇనే మిషిన్ వెట్టి మళ్ల మళ్ల ఇన్నది. మాణిక్యమ్మను లోపలికి పిలిచిన్రు. స్వీటీ చెయ్యి జిలేబి పక్కటెముకల మీదనే ఉన్నది. కుక్క తనంతట తాను మింగుడు మొదలుపెట్టినంకనే గొట్టం తీసిన్రు. అది దగ్గి, తల లేపి, మాణిక్యమ్మ కొంగు మీద తుపుక్కున చీదింది. ఆమె ఆ కొంగుతోనే మొఖం తుడుచుకున్నది. దగ్గు, జెరం వస్తయేమోనని కొన్ని దినాలు మందులు ఇచ్చిన్రు, రాలే.

మళ్ల మంచి రోజు చూసి తోల్కపోయినం. ఈసారి స్వీటీ తిన్నదా అని అడగలే. "దీని నోట్లకు ఏమేం పోయింది? శకునానికి, తీర్థానికి, ప్రసాదానికి, దిష్టికి, ఏం వెట్టినా చెప్పు" అన్నది. మాణిక్యమ్మ జిలేబి నొసటికి బొట్టొక్కటే వెట్టిన్నన్నది. ఇప్పుడు అక్కడికి ఎవరొచ్చినా ఆ పిల్ల గట్లనే అడుగుతదట.

గడ్డ మంచిగ వచ్చేసింది. జిలేబి బోనుల ఉలుకు పలుకు లేకుంట కూసున్నది. చూడు, ఎంత నిమ్మలంగున్నదో, నొప్పి లేదని మాణిక్యమ్మ మురిసింది. స్వీటీ ఒప్పుకోలే. మొత్తుకున్నోళ్లకే నొప్పి అనుకోవద్దన్నది. తల కింద వెడ్తలేదు, కండ్లు వాలుతున్నా ఒరగలేకపోతున్నది, పెదాలు నాక్కుంటున్నది, పండుకుంటే గుంజుతదని కూసున్నదని చూపెట్టింది. కోత పక్కన వేలు ఆనిస్తే మెడ తిప్పింది. డాక్టరమ్మ వచ్చి చూసి ఇంకో సూది రాసింది. కొద్దిసేపటికి జిలేబి నిట్టూర్చి, ముందు కాళ్లు చాపి, గడ్డం నేలకానిచ్చి ఒరిగింది. మాణిక్యమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. మొదటి రోజు రాని ఏడుపు.

ఇంటికి పోయే ముందు జిలేబి నా దిక్కు తిరిగి, ఈసారి పడలేదేం తాతా అన్నట్టు ఒక కన్ను కొట్టింది.

బర్రె ముచ్చట పోను, కన్ను కొట్టుడు ఒక్కటే నేను కల్పించింది. అది నా దిక్కు చూడనే లేదు. మాణిక్యమ్మ సంచి వాసన చూసుకుంట పోయి ఆటోల కూసున్నది.