చివరి అంకె

నేను ఒక డీజిల్ ఇంజనుని. నాకు పేరు లేదు, నంబరు ఉంది. మనుషులు బిడ్డ పుడితే పంచాంగం తిరగేసి, పెద్దల్ని అడిగి, నలుగురినీ భోజనానికి పిలిచి పేరు పెట్టుకుంటారట. నాకు అంత తతంగం జరగలేదు. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోశారు. చల్లారాక బయటికి తీసి తొలిచారు, నునుపు చేశారు. గేరుబాక్సు వచ్చి కలిసే మూలన అగ్గిపెట్టె కంటే సన్నగా ఒక చదును గీకి, దాని మీద ఉక్కు అచ్చులతో కొట్టారు. ముందు కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనక అంకెలు. ఒక్కోదానికి ఒక్కో దెబ్బ. చివరి దెబ్బకు నాలుగు పడింది. అది పడగానే నన్ను పక్కకు తోసి ఇంకో ఇంజన్ని తెచ్చారు. దానికి చివర ఐదు పడి ఉంటుంది. మా ఇద్దరికీ తేడా అంతే.

నంబరు ఉందన్న మాటే గాని, దాన్ని చూడాలని ఎవరికీ అనిపించదు. చూడాలంటే బానెట్టు ఎత్తాలి, గాలి గొట్టం జరపాలి, తల లోపలికి వంచి టార్చి వేసుకోవాలి. మనిషి అంత కష్టం బండి కొనేటప్పుడు పడతాడు, లేదా ఎవరి మీదైనా అనుమానం వచ్చినప్పుడు పడతాడు. వచ్చినవాడు ముందు నన్ను గుడ్డతో తుడుస్తాడు. పల్చటి కాగితం ముక్క నంబరు మీద పరిచి, పెన్సిల్ని పడుకోబెట్టి రుద్దుతాడు. కాగితం నల్లబడుతుంది, అంకెలు మాత్రం తెల్లగా తేలతాయి. అప్పుడు వాడి ముఖంలో ఒక తృప్తి కనిపిస్తుంది. నేను నేనే అని తేలినందుకు వాడికి ఎందుకంత తృప్తో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మొదట నన్ను బిగించిన కారును ఒక రైసుమిల్లు ఆసామి కొన్నాడు. ప్రయాణాలకు వాడింది తక్కువ, పెళ్ళిపందిళ్ళ ఎదురుగా నిలబెట్టుకున్నది ఎక్కువ. కొత్త రకం కారు రాగానే నా మీద మోజు పోయింది. అప్పుడు ట్రావెల్స్ నడిపే అబ్బులుగారు కొన్నారు. ఆయనకు కారు నడపడం రాదు. అందుకని లోవరాజును డ్రైవరుగా పెట్టుకున్నారు.

లోవరాజు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నాతో మాట్లాడేవాడు. "ఒసే, ఇయ్యాల అన్నవరం కొండెక్కాలి, మొరాయించకు" అనేవాడు. ఖాళీ రోజుల్లో కారును తన ఇంటి ముందు పెట్టి కడుక్కునేవాడు. బానెట్టు ఎత్తి గంటలకొద్దీ నా మీదే వంగి ఉంటే, అతని భార్య సత్యవేణి గుమ్మంలోంచి అరిచేది.

"ఏవయ్యా, ఆ ఇంజన్నే కట్టుకోలేకపోయావా? నన్నెందుకు తెచ్చుకున్నావ్?"

"ఇది నీలాగ అరవదే."

"అరవదా? పొద్దున్నే ఊరంతా లేపేది ఎవరో మరి!"

అతని కూతురు మణిమాల అప్పుడు చిన్నపిల్ల. అమ్మా నాన్నా కొట్లాడుకుంటున్నారో నవ్వుకుంటున్నారో తెలియక ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసేది. ఆ పిల్ల గొంతు నేను విన్నది చాలా తక్కువ.

ఒక వానాకాలం సాయంత్రం రాజమండ్రి స్టేషన్లో మనుషుల్ని దింపి ఇద్దరం తిరిగి వస్తున్నాం. కాలవ గట్టు రోడ్డు. వాన ధారగా కురుస్తోంది. కాలవ నీళ్ళకు తలుపులు కట్టిన లాకుల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా సైకిలు మీద ఒక మనిషి, తల మీద యూరియా సంచి కప్పుకుని వంగి తొక్కుకుంటూ వస్తున్నాడు. లైటు లేదు. లోవరాజు చక్రం తిప్పేశాడు. సైకిలు మనిషి తప్పుకున్నాడు. అతను కనీసం తలెత్తి చూశాడో లేదో. ముందు భాగం లాకుల రాతిగోడకు కొట్టుకుంది, తరవాత అంతా నీళ్ళు. ఇంజను నీళ్ళు మింగితే ఒక్క క్షణంలో ఆగిపోతుంది. నేను ఆగిపోయాక ఇంకొంత సేపు కారు లోపల చప్పుడు వినిపించింది. ఆ తరవాత అదీ లేదు.

లాకుల కింద నీళ్ళు దూకేచోట పెద్ద గుంట ఉంది. ఎండాకాలం కాలవ కట్టేసినా ఆ గుంటలో నీళ్ళు ఇంకవు. ఏటేటా ఒండ్రు వచ్చి మా మీద కప్పుకుంది. పైన ఊళ్ళో ఏం జరిగిందో నాకు తెలియదు. ఏళ్ళ తరవాత బయటపడ్డాక, గట్టు మీద జనం చెప్పుకుంటుంటే విన్నాను.

లోవరాజు తిరిగి రాకపోయేసరికి అబ్బులుగారు కారు దొంగతనం కేసు పెట్టారట. ఊరు మిగతా కథ అల్లుకుంది. లోవరాజుకి తునిలో ఒక మనిషి ఉందని, కారు ఒరిస్సాలో అమ్మేసి ఆమెతో కాపురం పెట్టాడని. ఆ మాట అన్నందుకు సత్యవేణి కుళాయి దగ్గర ఒకావిడ జుట్టు పట్టుకుందట. "మా ఆయన అలాంటోడు కాదు. ఏదో ఇరుకులో ఉండుంటాడు, వత్తాడు" అని కనపడినవాళ్ళందరికీ చెప్పేదట. మణిమాల మాత్రం ఎవరితోనూ కొట్లాడలేదు. బడిలో ఎవరి వస్తువు పోయినా ముందు ఆమె సంచీ వెతికేవారు. ఆ పిల్ల తనే సంచీ తెరిచి బల్ల మీద పెట్టేదట.

ఈ ఎండాకాలం కొత్త లాకులు కట్టడానికని గుంటలో నీళ్ళు మోటార్లు పెట్టి తోడారు. పొక్లెయిన్ ఒండ్రులో చెయ్యి పెట్టి కారు ముందు సగాన్ని పైకి తెచ్చింది. వెనక సగం తుప్పుకి విరిగి బురదలోనే ఉండిపోయింది. రేకు మీద కొట్టిన బండి నంబరు ముట్టుకుంటే పొడి రాలింది. డ్రైవరు సీటు దగ్గర దొరికినదాన్ని పోలీసులు తెల్లగుడ్డలో మూటకట్టి జీపులో తీసుకుపోయారు. ఆ మూట ఎవరిదో చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది.

జనం గట్టంతా నిండిపోయారు.

"కొంపదీసి లోవరాజు కారు కాదు కదా?"

"ఆడిదెందుకవుద్ది? ఆడు ఒరిస్సాలో చేపల చెరువులేత్తున్నాడు. మా బావమరిది కళ్ళారా చూశాడు."

"మీ బావమరిది కళ్ళజోడెట్టుకుని చూశాడా, తీసేసి చూశాడా?"

కొందరు నవ్వారు. అంతలో సత్యవేణి వస్తోందని ఎవరో అనగానే ఆ నవ్వు ఆగింది. ఆమె జుట్టు ముందువైపు నెరిసింది. నుదుటన పెద్ద బొట్టు ఉంది. పక్కన మణిమాల. ఎత్తు పెరిగింది, వాళ్ళ నాన్నలాగే సన్నగా ఉంది.

ఎస్సైగారు చేతిలో పాత కేసు కాగితం పట్టుకుని అడిగాడు. "ఏవమ్మా, మీ ఆయన నడిపిన కారేనా ఇది?"

సత్యవేణి నా వైపు చూడను కూడా చూడలేదు.

"కాదండి. మా ఆయన ఒరిస్సాలో ఉన్నాడండి. తుని మనిషితో ఉన్నాడు. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారండి."

ఏ మాట అన్నందుకు ఆమె కుళాయి దగ్గర జుట్టు పట్టుకుందో ఆ మాటే ఇప్పుడు ఆమె పోలీసులకు సాక్ష్యంగా చెబుతోంది.

"అమ్మా..." అంది మణిమాల.

"నువ్వూరుకోవే. నీకేం తెలుసు? ఉన్నాడు. అక్కడే ఉన్నాడు."

బండ్లు తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు ముందుకు వచ్చి వంగి చూశాడు. "ఇంజన్ నంబరొక్కటే దిక్కండి" అన్నాడు. కానీ గుద్దుకున్నప్పుడు రేకులు ముడుచుకుపోయి నా నంబరున్న మూలను కప్పేశాయి. ఆయన చెయ్యి మణికట్టు దాకా వెళ్ళి ఇరుక్కుంది. కానిస్టేబులు చెయ్యి అంత కూడా వెళ్ళలేదు. గ్యాసుతో రేకులు కోసేవాణ్ణి పిలిపించాలి, వాడు రేపు గాని రాడు అనుకుంటున్నారు.

"నా చెయ్యి పడుద్దండి" అంది మణిమాల. ఎవరికీ వినపడలేదు. ముఖం ఎర్రబడింది. మళ్ళీ అంది.

ఇన్‌స్పెక్టరుగారు ఆమెను, ఆమె చేతిని చూశాడు. కిరసనాయిల్లో ముంచిన గుడ్డ ఇచ్చాడు. "మెల్లగా తుడువమ్మా. ఎక్కడ చదునుగా తగుల్తుందో అక్కడ ఉంటది."

ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, చున్నీ నడుముకు బిగించి, చెయ్యి లోపలికి పెట్టింది. ముందు ఒండ్రు రాలింది. దాని కింద నల్లగా గట్టిపడిన గ్రీజు తగిలింది. ఆ గ్రీజు లోవరాజుది. ఒకసారి ఇన్సూరెన్సు వాళ్ళు వచ్చినప్పుడు నా నంబరు తుప్పుపట్టి సరిగా కనపడక, ఇంజను మార్చేశావా అని అతన్ని నానా ప్రశ్నలూ వేశారు. అప్పటి నుంచి బండి బాగుచేసినప్పుడల్లా వేలితో ఆ చదును మీద ఇంత గ్రీజు పూసేవాడు. మిగతా ఒళ్ళంతా తుప్పు తిన్నా, అతని వేలు తిరిగినంత మేర ఇనుము అలాగే ఉంది.

గ్రీజు పోయాక ఆమె వేళ్ళు నా అక్షరాల మీదికి వచ్చాయి. ఒక్కో గుంటనూ తడుముతూ జరుగుతున్నాయి. నా నంబరు రాసి ఉన్న కేసు కాగితం నకలు ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఆ నంబరు నోటికి వచ్చు. నన్ను చూడకుండానే నన్ను బట్టీపట్టిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. వేళ్ళు జరిగేకొద్దీ చల్లబడుతున్నాయి. చివరి అంకె దగ్గర ఆగిపోయాయి.

అప్పటికి ఎవరికీ తెలియని సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఇన్‌స్పెక్టరుగారు కాగితం, పెన్సిలు అందించాడు. ఆమె కాగితాన్ని బొటనవేలితో అదిమి పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. అక్షరాలు అయ్యాయి. అంకెలు ఒక్కొక్కటే అవుతున్నాయి.

"వస్తోందా అమ్మా?"

"వస్తోందండి."

"రాలేదని చెప్పవే" అంది సత్యవేణి వెనక నుంచి. "అరిగిపోయిందని చెప్పు మణీ. ఇన్నేళ్ళు నీళ్ళల్లో ఉంది, అరగదా ఏంటి?"

"చివరిదాకా కావాలి పాపా" అన్నాడు ఎస్సైగారు. "ఒక్క అంకె తేడా వచ్చినా వేరే బండే."

పెన్సిలు చివరి అంకె పక్కన ఆగింది. ఆమె రుద్దకపోయినా లోపల చెయ్యి పెట్టి చూడగలిగేవాళ్ళు లేరు. అరిగిపోయిందంటే నమ్ముతారు. అప్పుడు ఆమె అమ్మకు ఒరిస్సా మిగులుతుంది. ఆమెకు బల్ల మీద తెరిచిపెట్టిన సంచీ మిగులుతుంది. ఆ పిల్ల ఊపిరి నాకు తగులుతోంది. ఎంతసేపు అలా ఉందో. తరవాత పెన్సిలు కదిలింది. ఒకసారి కాదు, రెండుసార్లు గట్టిగా రుద్దింది.

ఇన్‌స్పెక్టరుగారు కాగితం పట్టుకుని పైకి చదివాడు. ఎస్సైగారు కేసు కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చి, "కలిసింది" అన్నాడు.

జనంలోంచి అబ్బులుగారు ముందుకొచ్చి తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. "లోవరాజు బంగారం లాంటోడండి. నేనేనాడూ అనుమానించలేదు. ఎవరో అంటే కేసెట్టాను గాని" అన్నారు. బావమరిది సంగతి చెప్పినాయన జనం వెనక్కి జరిగిపోయాడు. నేను చూస్తుండగానే ఆ ఊళ్ళో లోవరాజును తప్పుగా అనుకున్నవాళ్ళు ఒక్కరూ లేకుండా పోయారు.

మణిమాల చెయ్యి బయటికి తీసింది. మోచేతి దాకా రేకు గీరుకుపోయి రక్తం వస్తోంది. అమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాన్న దొంగ కాదమ్మా."

సత్యవేణి ఆమె చెంప మీద కొట్టింది. చప్పుడు గట్టంతా వినిపించింది.

"దొంగైతే ఏమైందే? ఎక్కడో ఒకచోట అన్నం తింటూ ఉండేవాడు కదే!"

నన్ను లారీలో వేసి పోలీస్ స్టేషన్ ఆవరణలో పడేశారు. రేకులు కోసి తీసేశారు. ఇక్కడ నాలాంటివి చాలా ఉన్నాయి. చక్రాలు లేని ఆటోలు, గడ్డి మొలిచిన మోటారుసైకిళ్ళు. దేని కేసు దానిది.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం సత్యవేణి వచ్చింది. పరీక్షలకు పంపిన మూటను తిరిగి ఇస్తారని, సంతకానికి రమ్మన్నారట. సంతకం పెట్టి బయటికి వచ్చి, కానిస్టేబుల్ని అడిగింది. "ఆ నంబరు ఎక్కడుందండి?"

అతను నన్ను చూపించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె వంగి చూసింది. వేలితో అంకెలు తడిమింది. చుట్టూ చూసి, ఒక కంకర రాయి ఏరుకుని, చివరి అంకె మీద రుద్దడం మొదలుపెట్టింది. పళ్ళు బిగించి, రెండు చేతులతో, అంట్లు తోమినట్టు రుద్దింది. నేను అడ్డుపడలేను, సాయపడనూ లేను. ఆ నాలుగును చెరిపేసుకునే శక్తి నాకే ఉంటే ఆమెను అంత కష్టపడనిచ్చేదాన్ని కాదు. రాయి అరుగుతోంది, అంకె అరగడం లేదు.

గేటు దగ్గర నిలబడ్డ మణిమాల చూసింది. పరుగెత్తుకుని రాలేదు. నడిచి వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు అమ్మను ఆపలేదు. అమ్మ చేతుల్లోంచి రాయి జారిపోయాక దాన్ని తీసుకుని దూరంగా పెట్టింది. సత్యవేణి గోడకు చేరబడినట్టు నాకు వీపు ఆనించి కూర్చుంది. కూతురు ఆమె అరచేతులకు అంటిన రాతిపొడిని చున్నీతో తుడుస్తుంటే వద్దనలేదు.

"అంత లోతులో ఉన్నాడే" అంది సత్యవేణి. "మనం రోజూ ఆ గట్టు మీదే నడిచాం."

మణిమాల తుడుస్తూనే ఉంది. వాన మళ్ళీ మొదలైంది. వాళ్ళు లేవలేదు. ఒకప్పుడు నేను తిరుగుతుంటే నా దగ్గర చలి కాచుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళిద్దరూ నన్ను ఆనుకుని తడుస్తున్నారు. నేను చల్లగానే ఉన్నాను.