దవడపన్ను చెప్పిన మాట

వారంలో ఆరు రోజులూ దర్జీ పెదాల మధ్య గుండుసూదులుంటాయి. అందుకే ఆయన మాట్లాడేది తక్కువ. మంగళవారం కొట్టుకి సెలవు. ఆ రోజు భార్య పట్టుబట్టి పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"నెల రోజులుగా ఒకవైపే నములుతున్నారు. నేను చూడట్లేదనుకున్నారా?"

దవడపన్ను విరిగిందన్నాడాయన. అది నిజమే. కానీ నాలుక అంచున కందిగింజంత తెల్లమచ్చ ఉన్న సంగతి అద్దానికి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. పొగాకు నమలడం మానేసి ఆరేళ్లయిందిగా, ఏమీ కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

డాక్టరమ్మ దగ్గరుండే నర్సమ్మకు పళ్ల మాటలు వినిపిస్తాయి. ఇరవై ఏళ్లుగా అంతే. నోరు తెరవగానే ఆవిడ చెవి ఒగ్గి వింటుంది, డాక్టరమ్మ రాసుకుంటుంది.

"పై వరసకి చన్నీళ్లు పడట్లేదట. ముందుపన్ను సూదులతో విసిగిపోయిందట."

"విరిగినదేమంటోంది?"

నర్సమ్మ ఇంకాస్త దగ్గరికి వంగి వింది. "అది తన గోడు చెప్పుకోవట్లేదమ్మా. 'నా సంగతి తర్వాత. ముందు పక్కనున్న నాలుకని చూడండి. మూడు నెలలుగా ఈయన దాస్తున్నాడు' అంటోంది."

తలుపు పక్కన కూర్చున్న భార్య లేచి నిలబడింది.

డాక్టరమ్మ నాలుకను గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి చూసింది. బుగ్గల లోపల, నాలుక కింద చూసి, మెడంతా వేళ్లతో తడిమింది. "చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"ఎందుకు చెప్పలేదండీ?" అంది భార్య.

"చెప్తే నిజమైపోతుందేమోనని."

పది రోజులకు ఫలితం వచ్చింది. క్యాన్సరే. "ఇప్పుడే మొదలైంది. గడప దగ్గరే పట్టుకున్నాం," అంది డాక్టరమ్మ. పెద్దాసుపత్రిలో మచ్చనీ, దాని చుట్టూ కాస్త మేరనీ కోసి తీసేశారు. పుండు మానేదాకా దర్జీ పాలు తాగుతూ, పలక మీద రాసి మాట్లాడాడు. మళ్లీ నోరు తిరిగాక భార్యను పేరు పెట్టి పిలిచాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆవిడ పొయ్యి మీది పాలు పొంగబెట్టేసింది.

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడిగింది, "ఆ విరిగిన పన్ను తీసేద్దామా?"

"వద్దమ్మా! ఎలాగైనా బతికించండి."

"సరే, అంచు గీసుకోకుండా నున్నగా చేసి తొడుగు వేస్తాను."

భార్య వంగి ఆయన నోట్లోకి చూస్తూ, ఇంటి మనిషితో అన్నట్టు, "నీ మేలు మర్చిపోం తల్లీ," అంది. తర్వాత నర్సమ్మ వైపు తిరిగింది. "ఏమంటోంది?"

నర్సమ్మ చెవి ఒగ్గి నవ్వింది.

"ఏమీ అనట్లేదమ్మా. మొహమాటపడుతోంది."