గడప దగ్గర ఊడ్చేసినవి

పొద్దున్నే షట్టరెత్తగానే ఛీఛీ చేసే మొదటి పని చీపురు అందుకోవడం. రాత్రంతా ఎవరెవరి కళ్ల మీంచో ఊడిన రెప్పవెంట్రుకలు తలుపు సందులోంచి దూరి చీమల్లా బారు కట్టి లోపలికి నడుస్తుంటాయి. అంటించినవి ఊడితే అంటించిన చోటికే తిరిగొస్తాయి, అది ఆ వీధిలో అందరికీ తెలిసిందే. వస్తే వచ్చాయి, ఒట్టిగా రావచ్చు కదా! ఒకదానికి పుసి, ఒకదానికి మొహం జిడ్డు, ఇంకోదానికి ఎన్నాళ్లనాటిదో కాటుక ముద్ద. అవి గడప దాటీ దాటకముందే వాటివంక చూడకుండా చేటలోకి ఊడ్చి చెత్తబుట్టలో పోసేది.

ఛీఛీ అంటే అమ్మానాన్నలు పెట్టిన పేరేం కాదు. నాన్నది కోళ్ల దుకాణం. చిన్నప్పుడు ఈకలు పీకమంటే ప్రతి కోడికీ ఛీ ఛీ అనేదట, ఆ పేరే ఖాయమైపోయింది. ఆ ఈకల కంపు తప్పించుకోవడానికే పిన్ని పార్లర్లో చేరి, రెప్పలకు వెంట్రుకలు అంటించడం నేర్చుకుంది. తీరా చూస్తే ఇక్కడా అదే బతుకు, కాకపోతే ఏసీలో!

ఉన్నవి రెండే కుర్చీలు, ఒకటి పిన్నిది, ఒకటి తనది. ఏది ఖాళీగా ఉంటే దాంట్లో జనం వాలిపోతారు. వారం తిరక్కుండానే "సగం ఊడిపోయాయండీ" అంటూ మళ్లీ వస్తారు.

"ఊడేవన్నీ నీవేనే," అంది పిన్ని. "నీకు పని నేర్పిందాన్ని, నా చేతి పని ఊడుతుందా? ఈ నెలాఖరుదాకా చూస్తా. అప్పటికీ ఊడుతుంటే ఈ కుర్చీలో ఇంకొకర్ని పెట్టుకుంటా. నువ్వెళ్లి మీ నాన్న దగ్గర ఈకలు పీక్కో."

ఛీఛీ గమ్ము మార్చింది. ఫ్యాను ఇటు తిప్పింది, అటు తిప్పింది. అయినా పొద్దున్నే బారు తప్పలేదు. ఆఖరికి ఒకరోజు ముక్కు మూసుకుని వాటిలో ఒకదాన్ని ట్వీజర్‌తో పట్టి దీపం కింద పెట్టింది. గమ్ము చెక్కు చెదరలేదు. దాని కింద పచ్చగా జిడ్డు పొర. అంటే అంటించింది వెంట్రుకకి కాదు, మురికికి! వాళ్ల కళ్లు ముట్టుకోవడం అసహ్యమై పొడి దూదితో పైపైన తుడిచి వదిలేసేది మరి. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజు నుంచి కడగడం మొదలుపెట్టింది. చిన్న బ్రష్షుతో నురగ పట్టించి, రెప్పల మొదళ్లదాకా రుద్ది, నీళ్లతో కడిగి, ఆరబెట్టి అప్పుడు గమ్ము ముట్టుకునేది. తెల్లటి నురగ బూడిద రంగుకి తిరిగేది. చుండ్రులాంటి పొట్టు లేచేది. ఊపిరి బిగబట్టి కడిగేది. "రోజూ ఇంట్లో కూడా ఇలాగే కడుక్కోండి," అని చెప్పి పంపేది.

"మతిపోయిందా? నీళ్లు తగిలితే ఊడిపోవూ?" అని పిన్ని గయ్యిమనేది. తన కుర్చీలోంచి లేచినవాళ్లకి మాత్రం కళ్లకి నీళ్లు తగలనివ్వకండని మరీ మరీ చెప్పేది.

ఇంత చేసినా వెంట్రుకలు వస్తూనే ఉన్నాయి. నెలాఖరు రానే వచ్చింది.

ఆ పొద్దున ఆఫీసు టైముకి ముందే పనైపోవాలని, సగం ఊడిన రెప్పవెంట్రుకలతో బ్యాంకులో పనిచేసే మేడమ్ ఒకావిడ షట్టరు ఎత్తకముందే వచ్చి నిలబడింది. ఛీఛీ ఊడ్చే తీరిక లేక ఆవిణ్ణి పడుకోబెట్టి నురగ పట్టించింది. ఇంతలో పిన్ని వచ్చింది, ఆవిడ కాళ్ల పక్కనుంచే బారూ వచ్చింది.

"చూశావా, చూశావా నీ నిర్వాకం!" అంది పిన్ని.

ఛీఛీ చేతులనిండా నురగ. చీపురు పట్టుకోవడానికి లేదు. ఇక ఈకలే గతి అనుకుని కళ్లు మూసుకోబోయింది.

బారు గడప దాటింది. కాళ్లు తుడుచుకునే పట్టా దాటింది. ఛీఛీ కుర్చీ పక్కనుంచి ఆగకుండా పోయి, పక్కకి తిరిగి, పిన్ని కుర్చీ కోడు పట్టుకుని పైకెక్కింది. ఒక్కటి కూడా దారి తప్పలేదు. చేతిపట్టె మీద వరసగా పడుకున్నాయి.

మేడమ్ ఒక కన్ను తెరిచి చూసింది. "మొన్న నాకు అంటించింది మీరే కదండీ?" అంది పిన్నితో.

పిన్ని ఒకదాన్ని తీసి కంటికి దగ్గరగా పెట్టుకుంది, ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"ఈ మధ్య నాకు చూపు ఆనట్లేదే," అంది చివరికి, గొంతు తగ్గించి. "జిడ్డు ఉందో లేదో తెలీట్లేదు. పోయిన ఏడాది నుంచీ."

ఛీఛీకి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. నెల రోజులు నన్ను చంపుకుతిన్నావు కదే అని అరవాలనిపించింది. రోజూ ఊడ్చేసే బదులు ఒక్కరోజు నాలుగడుగులు నడవనిచ్చి ఉంటే ఎప్పుడో తేలిపోయేది కదా అని తన మొహాన తనే కొట్టుకోవాలనీ అనిపించింది.

పిన్ని చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. "లే. అంటించడం ఇక నీ పని, రెండు కుర్చీల్లోనూ. ఆ బ్రష్షు ఇటివ్వు."

కుర్చీ పక్కన కూలబడి మేడమ్ రెప్పలు రుద్దడం మొదలుపెట్టింది. వేలికంటిన నురగని వెలుతురులో పెట్టి చూసుకుని మొహం చిట్లించింది.

"యాక్! అమ్మా, కళ్లకి నీళ్లు తగలని..." అని అలవాటుగా అనబోయి ఆగింది. "రోజూ కడుక్కోండి తల్లీ. మీకు దణ్ణం పెడతాను, కడుక్కోండి."