తొమ్మిదింబావు పోటు

నాన్న రాయిని ఊరందరికీ చూపించేసింది అర్జునరావు మావ కాదు, తను.

ఈ ఒక్క మాటని సూర్యకళ రెండేళ్ళుగా లోపలే తిప్పుకుంటోంది. భీమిలి నుంచి విశాఖ వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెదాలు కదలకుండా రోజూ ఒకసారి అనుకుంటుంది. పైకి మాత్రం ఇంతవరకూ అనలేదు. దిగేటప్పుడు టిక్కెట్టుతో పాటు దాన్నీ నలిపి కిటికీలోంచి పారేస్తుంది. మర్నాడు మళ్ళీ అదే బస్సు, అదే మాట.

దిగి, బీచ్ రోడ్డు దాటి మెట్లెక్కితే శంఖుమేడ. ఆ గ్యాలరీ అసలు పేరు బోర్డు మీద ఇంగ్లీషులో బారెడుంటుంది గానీ ఆటోవాళ్ళకి అది తెలీదు. తెల్లగా మెలికలు తిరిగి శంఖం బోర్లించినట్టుంటుంది కాబట్టి శంఖుమేడ. బొమ్మలు చూడ్డానికి వచ్చేవాళ్ళకంటే షూటింగులకి వచ్చేవాళ్ళే ఎక్కువ. అయితే గ్యాలరీ గ్యాలరీగా కనిపించింది మాత్రం తక్కువ. ఒక సినిమాలో అది ఆస్పత్రి, ఇంకోదాంట్లో కోర్టు, మరోదాంట్లో దుబాయి ఎయిర్‌పోర్టు. ముందు మెట్ల మీద బోలెడుమంది విడాకులు తీసుకున్నారు, అంతకు రెట్టింపుమంది తప్పిపోయిన తల్లుల్ని కలుసుకున్నారు.

సూర్యకళ పని అక్కడ తలుపులు తియ్యడం, టిక్కెట్లు చింపడం, పటాల మీద దుమ్ము దులపడం, పోటువేళకి చివరి హాల్లో బకెట్టు పెట్టడం.

చివరి హాల్లో గోడంత సముద్రం ఉంది. పోటెక్కే వేళకి దాని చట్రం కింది అంచులోంచి నీళ్ళు కారతాయి. మామూలు రోజుల్లో ఒక బకెట్టు, అమావాస్యకీ పున్నానికీ రెండు. గోడకి ఉప్పు పేరుకుంటే నెలకోసారి గీకుతారు. బకెట్టులో ఎప్పుడన్నా నాలుగు నెత్తళ్ళ చేపలు పడితే వాచ్‌మన్ పట్టుకెళ్ళి వేపుకుంటాడు. మేనేజరు గురునాథరావు గారు హార్బరు నుంచి పోటు వేళల కాయితం తెప్పించి హాజరు పుస్తకం పక్కన అంటించారు. షూటింగు వాళ్ళు ఆ కాయితం ఫోటో తీసుకుని, దాన్నిబట్టి టీ బ్రేకులు పెట్టుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరన్నా అడిగితే గురునాథరావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "సముద్రం గీస్తే నీళ్ళు రాక పాలొస్తాయా?" అంటారు.

పటం కింద కుడిమూల తెల్లరంగుతో 'సాయిశంకర్' అని ఉంటుంది. గీసింది సూర్యకళ.

ఎవరూ నేర్పలేదు. చింపేసిన టిక్కెట్ల వెనక బొమ్మలు గీస్తూ గీస్తూ చెయ్యి తిరిగింది. సీరియళ్ళకి సెట్లు వేసే సాయిశంకర్ ఒకసారి ఆ టిక్కెట్టు ముక్కలు ఏరి, వరసగా బల్ల మీద పేర్చి, చాలాసేపు చూశాడు. పద్మనాభం ఊరి రైతుల కుర్రాడు, మాట తీపి. సాయంత్రాలు బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొనిచ్చి, సగం తను తిని సగం ఆమెకిచ్చేవాడు. పెద్ద కాన్వాసు, రంగులు తెచ్చి మేడ మీద సామాన్ల గదిలో పెట్టాడు. నలభై రోజుల్లో ఆమె సముద్రం పూర్తిచేసింది. అప్పుడన్నాడు, "టిక్కెట్లు సింపే అమ్మాయి గీసిందంటే గోడకెక్కనివ్వరే. ముందు నా పేరు ఏద్దాం. నా పేరు నీ పేరు కాదేటి?"

ఆ చివరి మాటకి ఆమె కరిగిపోయింది. అలా కరిగిపోయానని కూడా ఎవరికీ చెప్పలేదు.

ఇక రాయి సంగతి. భీమిలికి ఎదురుగా, నడిసముద్రంలో నీటి అడుగున ఒక రాతి తావుంది. వలేస్తే వల బరువెక్కకుండా రాదు. పైకి ఏమీ కనిపించదు కాబట్టి గుర్తులు ఒడ్డు మీదే వెతుక్కోవాలి. పావురాళ్ళకొండ పల్లంలో పాత లైట్‌హౌసు సరిగ్గా నిలబడాలి, ఎడంపక్క ఎర్రమట్టి దిబ్బల అంచు మీదికి ఒంటితాడి చెట్టు రావాలి. రెండూ కుదిరిన చోట పడవాపితే కిందనే రాయి. ఆ గుర్తులు సూర్యకళ తండ్రి గంగరాజుకీ, ఆయన బావమరిది అర్జునరావుకీ తప్ప ఎవరికీ తెలీవని గంగరాజు నమ్మకం.

కానీ సూర్యకళకి తొమ్మిదేళ్ళప్పుడు, గంగరాజు జ్వరంతో పడుకున్న రోజున, అర్జునరావు మావ దాన్ని పడవెక్కించాడు. ఆడపిల్ల పడవెక్కకూడదని ఇంటా బయటా చెప్పుకునే రోజులు. "సూడాలనుందన్నావు గదే, సూడు," అని రాయి మీద పడవాపి, ఒడ్డుని చూపించాడు. చెయ్యి చాపితే అందేట్టు, పళ్ళెంలో పెట్టినట్టు ఉంది ఊరు. ఆ వారమే పద్మనాభం తీర్థానికి తీసుకెళ్ళి, మణికట్టు మీద చేప పచ్చబొట్టు పొడిపించాడు. సూదికి అది ఏడిస్తే రెండో చెయ్యి పట్టుకుని, "సేప ఏడిస్తే ఎవులికీ తెలీదే, నీట్లో ఉంటాది గదా," అని నవ్వించాడు. తర్వాత చెవిలో చెప్పాడు. "రాయి గుర్తులు ఎవులికీ సెప్పకు. సెప్తే ఈ సేప ఈదిపోద్ది."

ఆమె ఎవరికీ చెప్పలేదు. గీసింది. నీళ్ళ మీంచి చూసిన ఒడ్డుని, పల్లంలో లైట్‌హౌసునీ, దిబ్బ అంచున ఒంటితాడినీ, ఎక్కడివక్కడ. ఆ నలభై రోజులూ ఆమెకి అది రాయి గుర్తని తోచనే లేదు. తన జీవితంలో అంత బాగున్న రోజు ఇంకోటి లేదు, అందుకని గీసింది.

ఏడాది తిరక్కుండా ఆ పటం ఒక సీరియల్లోకెక్కింది. హీరోగారి హాల్లో, సోఫా వెనక. ఆయన రోజూ దానిముందు నిలబడి ఏడ్చేవాడు. భీమిలి పేటలో ఆడవాళ్ళు హీరోని చూశారు. మగవాళ్ళు వెనకాల కొండని చూశారు. పదిరోజుల్లో రాయి మీద పదకొండు పడవలు. దొరికిన తావు ఎలా దొరికిందో చెప్పే జాలరి ఇంకా పుట్టలేదు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. గంగరాజు టీవీ ముందు కూర్చునే మనిషి కాదు. ఆయనకి తోచిన దారి ఒక్కటే.

"బావా, నీకూ నాకూ తప్ప మూడో మడిసికి తెలీదు. ఎవులికి సెప్పినావ్?"

అర్జునరావు అప్పుడే టీ గ్లాసు అందుకున్నాడు. ఇచ్చిన సూర్యకళ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆయన ఆమెవైపు చూశాడు. రెప్పపాటు కంటే ఎక్కువ కాదు. ఆ చూపులో పడవుంది, తీర్థం ఉంది, అంతా ఉంది.

"నానే సెప్పాననుకో బావా."

"అనుకోడమేటి?"

"అనుకో."

టీ తాగకుండానే గ్లాసు కిందపెట్టి వెళ్ళిపోయాడు. నెల తిరిగేసరికి ఎలమంచిలిలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా కుదిరాడు. సముద్రం మీద పుట్టిపెరిగిన మనిషి ఇప్పుడు గేటు తీసి గేటు వేస్తున్నాడు. గంగరాజు ఆయన పేరెత్తితే ఉమ్మేస్తాడు.

సూర్యకళ ఎందుకు చెప్పలేదంటే, సాయిశంకర్ తన పేరు చెప్తాడని ఎదురుచూసింది. పేరొచ్చాక చెప్తే తప్పు కాస్త చిన్నదవుతుందనుకుంది. నాన్న ముందు వట్టి చేతుల్తో కాకుండా, ఒక పేరుతో నిలబడొచ్చనుకుంది.

నిన్న అతనే ఫోన్ చేశాడు. "రేపు అమావాస్య గదా, పెద్ద పోటు. కొత్త సీరియల్ షూటింగ్ మనకాడే. హీరోయిన్ పెయింటరు. నీ మీదే రాసినట్టుందే కథ. సేతులు సుబ్బరంగా ఎట్టుకొని రా."

ఇవాళ బస్సులో ఆమె ఆ మాట అనుకోలేదు. రెండేళ్ళలో మొదటిసారి.

ఎనిమిదింటికల్లా హాలంతా లైట్లు, వైర్లు, ఇడ్లీ పొట్లాలు. సాయిశంకర్ టోపీ పెట్టుకుని హడావిడిగా తిరుగుతున్నాడు. ఆమెని చూడగానే పక్కకి తీసుకెళ్ళాడు.

"ఆ పిల్లకి బ్రష్ పట్టుకోడం రాదే. గరిట పట్టుకున్నట్టు పడతంది. క్లోజప్‌లో నీ సెయ్యి పెడతన్నాం."

"సెయ్యొకటేనా?"

"ముందు సెయ్యి. తరవాత మడిసి. తొందరేటి నీకు?"

మేకప్ చేసే రోజారమణి ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని రంగు పూయడం మొదలెట్టింది. "ఏటమ్మా ఈ సేప, రెండు పూతలేసినా తేల్తంది. మొండిది లాగుంది." మూడో పూతకి చేప మాయమైంది. నున్నటి చెయ్యి, ఎవరిదో చెయ్యి. సూర్యకళ దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. చెవి దగ్గర మావ గొంతు వినిపించినట్టై తలెత్తింది.

అవతల ఎవరో యాంకరు సాయిశంకర్ ముందు మైకు పెట్టింది. అతను టోపీ తీశాడు. భాష కూడా మార్చేశాడు.

"ఈ చిత్రం నా ప్రాణమండీ. భీమిలి ఒడ్డున, ఇసుకలో కూర్చుని, నలభై రోజులు ఒంటరిగా గీశాను."

"ఎవరి సహాయమూ లేకుండానా సార్?"

"నేనూ, సముద్రం. మూడో మనిషి లేదు."

సూర్యకళ రోజారమణి ఒళ్ళోంచి చెయ్యి తీసేసుకుంది. మూడో మనిషి లేదు. నాన్న కూడా అదే అన్నాడు. పైగా ఇసుకలో కూర్చున్నవాడికి అలలు కనిపిస్తాయి గానీ వాడి వెనకున్న కొండా లైట్‌హౌసూ ఎలా కనిపిస్తాయి? ఇక్కడున్న ఇంతమందిలో ఒక్కడైనా, ఒక్కసారైనా పడవెక్కలేదా?

"పోటు తొమ్మిదింబావుకి," గురునాథరావు గారు గడియారం చూసి హెచ్చరించారు. "మళ్ళీ కావాలంటే రాత్రిదాకా ఉండాలి బాబూ."

డైరెక్టర్ ఆమెని పటం ముందు నిలబెట్టి, చేతిలో బ్రష్ పెట్టి, అల మీద ఒక గీత గియ్యమన్నాడు. మొహం పడకుండా కెమెరా కిందికి దించారు. తొమ్మిదింబావైంది. బ్రష్ తగిలిన చోటు నుంచి నీళ్ళు ఉబికాయి. చట్రం అంచులోంచి ఎప్పుడూ కారేట్టు కాదు, ఒడ్డుకొచ్చిన అలలాగే వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. పడి, వెనక్కి లాగింది. పూత మూడు చారలుగా కారిపోయింది. కింద చేప. ఈసారి ఆమెకి అది నిన్నటికంటే నల్లగా కనిపించింది.

"కట్. అదేంటి చేతిమీద?" డైరెక్టర్ మానిటర్‌లోకి వంగాడు.

"సారీ సార్, కవర్ చేశాం," అంది రోజారమణి.

"వద్దు, బాగుంది. నీళ్ళల్లోంచి చేప రావడం... ఉంచేద్దాం. సాయీ, రేపట్నుంచి హీరోయిన్ చేతికి కూడా ఇదే వేసెయ్. సోమవారం ఎపిసోడ్‌లో పడిపోవాలి."

సాయిశంకర్ అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని ఫోన్‌లో ఫోటో తీస్తున్నాడు. "కొంచెం ఎలుగులో ఎట్టు. ఇది ఎక్కడ ఏయించుకున్నావే? డైరెక్టర్ గారు కథ కావాలంటారు. హీరోయిన్‌కి వాళ్ళమ్మ ఏయించినట్టు పెడదామేటి?"

"నా పేరు సెప్తానన్నావ్."

"సెప్తాన్లేయే. సీరియల్ నిలబడనీ."

"మొన్నటిది నాలుగొందల ఎపిసోడ్లు నిలబడింది."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, పనిలో ఉన్నవాడి నవ్వు. "సెయ్యి కదపకే, బొమ్మ అలికిపోతంది."

ఆమె చెయ్యి లాక్కుంది. అతనికి కావలసింది అప్పటికే దొరికింది. ఫోన్ చూసుకుంటూ హీరోయిన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడున్నరకి ఆటు. పటంలో నీరు బాగా వెనక్కి తీసింది. నేల తుడిచి, బకెట్లు రెండూ బోర్లించి, సూర్యకళ వెనక మెట్ల మీద కూర్చుంది.

సోమవారం ఏడున్నరకి ఎలమంచిలిలో, గేటు పక్క గదిలో, మావ ఫోన్ ముందు కూర్చుంటాడు. వేట మానేశాక ఆయనకి సీరియళ్ళే కాలక్షేపమని అమ్మ చెప్పింది. తను పొడిపించిన చేపని ఆయన ఎవరో పిల్ల చేతిమీద చూస్తాడు. ఎవరో అమ్మ పొడిపించిందని వింటాడు. విని ఏమీ అనడు. అనుకో, అంటాడు మనసులో.

ఆమె ఫోన్ తీసి ముందు ఆయన నంబరే వెతికింది. మావా, తప్పైపోయింది అంటే ఏమంటాడో ఆమెకి తెలుసు. "అన్నం తిన్నావేటే?" అంటాడు. ఆయనకి చెప్పడం సుళువు. ఆయన చెయ్యలేదని ఆయనకి తెలుసు, ఎవరు చేశారో కూడా తెలుసు. తెలియనిది ఒక్కడికే.

అమావాస్యనాడు గంగరాజు వేటకి వెళ్ళడు. ఈ వేళకి ఇసుక మీద తాటాకు నీడన కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉంటాడు. నడుం దగ్గర ప్లాస్టిక్ కవరులో ఫోను. రెండు రింగులకి ఎత్తడు, వేళ్ళకి దారం చుట్టుకుని ఉంటుంది. నాలుగో రింగుకి ఎత్తుతాడు. ఎత్తి, ఏటే ఈ వేళప్పుడు, అంటాడు. తర్వాత ఏమంటాడో ఆమెకి తెలీదు.

బస్సులో అనుకునే మాటని పెదాలు కదిలిస్తూ ఒకసారి అని చూసింది. "రాయిని సూపించింది మావ కాదు నాన్నా, నాను." ఇంత పొట్టి మాటా అనిపించింది.

మణికట్టు ఇంకా తడిగానే ఉంది. చేప ఎక్కడికీ ఈదిపోలేదు. ఆమె ఆ చేతినే లంగాకి తుడుచుకుని, ఫోన్ జారకుండా గట్టిగా పట్టుకుని, 'నాన్న' అన్న చోటికి వేలు తీసుకెళ్ళింది.