ఊరవతలి నంబరు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. వీధిలో అందరూ ఆమెను అద్దాలావిడ అంటారు. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. ఏ పని చేపట్టినా అంతు చూడందే వదలదు కాబట్టి తండ్రి ఆ పిల్లకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు.

ఒక ఆదివారం ఇన్‌స్పెక్టరమ్మ బడిలో ఇచ్చిన కాగితం ఒకటి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది. నిప్పంటుకున్నా, వరదొచ్చినా, మరే ఆపద వచ్చినా ఎవరు ఏం చెయ్యాలో ఇంటిల్లిపాదీ కూర్చుని అందులో రాయాలి. చేతికందే చోట ఒక సంచి కూడా సర్ది పెట్టుకోవాలి.

సంచి పని గంటలో తెమిలింది. టార్చి, రెండు జతల బ్యాటరీలు, నీళ్ళ సీసాలు, బిస్కెట్లు, డ్రైవరు వేసుకునే బీపీ మాత్రలు, దూది, కట్టు గుడ్డ, ఈల, ప్లాస్టిక్ కవర్లో ఇంటి కాగితాల నకళ్ళు, ఆమె పాత కళ్ళజోడు. డ్రైవరు వాటి మధ్యలో పేకముక్కల పెట్టె దూర్చాడు. పిల్ల దాన్ని పట్టుకుని బయటికి లాగింది.

“ఆపదొస్తే పేకాటేంటి నాన్నా?”

“ఆపద పోయేదాకా ఏం చెయ్యమంటావే? గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోమంటావా?”

కాసేపు వాదులాట జరిగాక పేకముక్కలు సంచిలోనే ఉండిపోయాయి.

తర్వాత కలుసుకునే చోట్లు రాశారు. ఇంటికి రాలేకపోతే వీధి చివర మందుల షాపు. అక్కడికీ వీలుకాకపోతే మార్కెట్టు అవతల గ్రంథాలయం మెట్లు. ఆ కింది ప్రశ్న దగ్గర పిల్ల కలం ఆగింది. ఊరికి దూరంగా ఉండే మన మనిషి ఎవరు? ఆపద సమయంలో ఊళ్ళో ఫోన్లు ఒకదానికొకటి కలవవు. బయట ఊరికి మాత్రం ఒక్కోసారి కలుస్తాయి. కాబట్టి అందరూ ఆ ఒక్కరికే ఫోన్ చేసి, ఎక్కడున్నదీ చెప్పాలి.

“మావాళ్ళంతా ఈ ఊళ్ళోనే పడి ఉన్నారు. మునిగితే అందరం కలిసే మునుగుతాం” అన్నాడు డ్రైవరు.

“అమ్మా, నీ తరఫున ఎవరూ లేరా?”

ఆమె గిన్నెలు తుడుస్తోంది. చేతులు ఆపకుండానే ఒక నంబరు చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. డ్రైవరు తలెత్తి భార్య వైపు చూశాడు.

“ఎవరిదమ్మా ఇది?”

“మీ పెద్దమ్మది.”

తల్లి పోయేనాటికి ఆమెకు ఆరేళ్ళు, అక్కకు పదిహేడు. అక్క ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పనిలో చేరి చెల్లెల్ని పెంచింది. రోజూ పొద్దున్నే తల దువ్వి, కణతలు లాగేంత బిగించి జడలు వేసేది. చదివించింది, పని నేర్పించింది, పెళ్ళి చేసింది. పాప పుడితే పురిటికి తనే వచ్చి మూడు నెలలు నిద్రలేకుండా సేవ చేసింది. ఇదంతా అయ్యాక, నలభై మూడో ఏట, ఒక సాయంత్రం వచ్చి చెప్పింది, తనూ పెళ్ళి చేసుకుంటున్నానని. ఆయన అదే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు, భార్య పోయినవాడు.

చెల్లెలు నవ్వేసింది.

“ఈ వయసులో నీకిదేం సరదా అక్కా? నలుగురూ నవ్విపోతారు.”

“నలుగురి సంగతి తర్వాత. ముందు నువ్వు నవ్వావుగా” అంది అక్క.

పాపకు జ్వరమని చెప్పి ఆమె ఆ పెళ్ళికి వెళ్ళలేదు. పాపకు జ్వరం లేదు. ఆ తర్వాత అక్కా బావా రైల్లో ఎనిమిది గంటల దూరంలో ఉన్న ఊరికి వెళ్ళిపోయారు. మొదట్లో ఫోన్ చేద్దామంటే సిగ్గు అడ్డొచ్చేది. ఏడాది దాటాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. అలా ఏడేళ్ళు గడిచాయి. ఆ నంబరు ఎన్నిసార్లు నొక్కిందో లెక్కలేదు. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయేది. దుకాణంలో అద్దం అరగదీస్తూ మనసులోనే అక్కతో మాట్లాడేది. పాపకు మొదటి పన్ను ఊడిందక్కా అని. ఇవాళ జడ నేనే వేశాను, వంకరగా వచ్చిందక్కా అని.

కాగితంలో ఇంకో నిబంధన ఉంది. ఆ మనిషికి ముందే చెప్పి ఒప్పించాలి.

“పెద్దమ్మకి చెప్పావా?” అని పిల్ల రెండు ఆదివారాలు అడిగింది. చెప్తాలే అంటూ వచ్చింది తల్లి. మూడో ఆదివారం, “ఆ, చెప్పా” అంది. పిల్ల కాగితం మీద టిక్కు పెట్టింది. ఆ నంబరు నాన్నకూ కంఠతా వచ్చేదాకా వదల్లేదు.

ఆర్నెల్లు గడిచాయి. సంచిలో బిస్కెట్లు, మాత్రలు మార్చిన మరుసటి వారమే, ఒక బుధవారం మధ్యాహ్నం ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది.

ముందు సైరను మోగింది. వెనకే ముక్కు పగిలిపోయే ఘాటు. దుకాణం యజమాని అద్దాలు తుడిచే గుడ్డలన్నీ నీళ్ళలో ముంచి తలా ఒకటి ఇచ్చాడు. అందరూ ముక్కూ నోరూ మూసుకుని, గాలి ఆ ఘాటును మోసుకొస్తున్న దారి తప్పించి పక్కకు పరుగెత్తారు. ఇంటి వైపు రోడ్డు పోలీసులు మూసేశారు. మందుల షాపు ఆ రోడ్డులోనే ఉంది. గ్రంథాలయం దారి అడిగితే, ఘాటంతా అటే కొడుతోంది వెళ్ళొద్దన్నారు. జనంతో పాటు ఆమె స్టేడియం దాకా కొట్టుకుపోయింది.

బడికి ఫోన్ చేసింది. కలవలేదు. భర్తకు చేసింది. కలవలేదు. పది సార్లు, ఇరవై సార్లు చేసింది. కళ్ళు మండుతున్నాయి, అది ఘాటు వల్లో కాదో తెలియడం లేదు. పక్కన ఎవరో బడి పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్ళారంటున్నారు, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఇక మిగిలింది ఒక్క నంబరే. అది ఇంకా అక్కదో కాదో కూడా తెలియదు. ఆమె నొక్కింది. చివరి అంకె దాకా నొక్కింది.

మొదటి రింగుకే ఎత్తారు.

“ఎక్కడున్నావే?”

అదే గొంతు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

“ఏడవకు. తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఎక్కడున్నావో చెప్పు.”

“స్టేడియం... పడమటి గేటు.”

“ఊపిరి సరిగ్గా ఆడుతోందా?”

“ఆ.”

“సరే, విను. పాప బాగుంది. బడివాళ్ళు పిల్లలందర్నీ పెద్దాసుపత్రి వెనక నర్సుల హాస్టలుకి తీసుకెళ్ళారు. టీచరు ఫోన్లోంచి చేసింది. మీ ఆయన బస్సులో జనాన్ని ఎక్కించుకుని అటే తిప్పుతున్నాడు. ఇప్పటికి రెండుసార్లు చేశాడు. నీ ఒక్కదాని కబురే లేదు. గంట నుంచి కాగితం ముందేసుకుని కూర్చున్నానే, నీ పేరు పక్కన ఏమీ రాయకుండా.”

“అక్కా, నీ నంబరు ఇచ్చేటప్పుడు నిన్ను అడగలేదు.”

“పాప అడిగింది. ఆర్నెల్ల కిందటే చేసింది. ‘మా అమ్మ మీకు చెప్పానంటోంది గానీ చెప్పినట్టు లేదు, మీకు ఇష్టమేనా పెద్దమ్మా’ అంది. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, నువ్వేననుకుంటున్నా. ఇక నడువు. మెయిన్ రోడ్డు మీదే వెళ్ళు, సందుల్లోకి దిగకు. చేరాక మళ్ళీ చెయ్యి.”

ఆమె నడిచింది. చిన్నప్పుడు బడికి దారి చెప్పి పంపినప్పుడు కూడా అక్క ఇలాగే, సందుల్లోకి దిగకు అనేది. హాస్టలు వరండాలో పిల్ల తల్లిని చూసి ఏడవలేదు. వచ్చి నడుం చుట్టూ చేతులు వేసి ఎంతసేపటికీ వదల్లేదు. సాయంత్రానికి డ్రైవరు వచ్చాడు.

“అంత కష్టపడి సర్దిన సంచి ఇంట్లో హాయిగా కూర్చుంది” అన్నాడు. పిల్లకు అది నవ్వొచ్చే మాటగా తోచలేదు. దుకాణంలో ఒకటి, బస్సులో ఒకటి చిన్న సంచులు పెట్టాలని అక్కడికక్కడే తీర్మానించింది.

మూడో రోజు ఇళ్ళకు వెళ్ళనిచ్చారు. కిటికీలన్నీ తెరిచి, గదులు కడిగి, ఆమె అక్కకు ఫోన్ చేసింది.

“ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సిందక్కా.”

“అవన్నీ ఇప్పుడెందుకే” అంది అక్క.

“బావ ఎలా ఉన్నాడు?” అని అడిగింది ఆమె.

“మీ బావ పోయి రెండేళ్ళవుతోందే.”

ఆమె గోడకు ఆనుకుంది. “నాకు చెప్పలేదేం?”

“ఎలా చెప్పను? నువ్వు చేస్తావు, చేసినప్పుడు చెబుదామనుకున్నా. పాప చేసిన రోజు చెప్పబుద్ధి కాలేదు. పసిదానికి అదెందుకు?”

మర్నాడే ఆమె సెలవు పెట్టి రైలెక్కింది. స్టేషన్‌లో జుట్టు సగం నెరిసిన మనిషి ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంటే, అక్కేనని పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణమూ ఆమెను కోసేసింది.

ఇల్లు చిన్నది. గోడ పొడవునా పుస్తకాలు. కిటికీ పక్కన రెండు కుర్చీలు. అక్క ఒకదాంట్లో కూర్చుని రెండోది చూపించింది. అందులో కూర్చోవడానికి ఆమె జంకింది.

“పర్లేదు, కూర్చో. ఆయనేమీ అనుకోడు.”

“ఎలా ఉండేవాడక్కా?”

అక్క చీర కొంగు సర్దుకుంది. “ఉత్తరాల్లో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దేవాడు. నా ఉత్తరాలే. పెళ్ళికి ముందు నేను రాసినవి” అంది. చెప్తూ చెప్తూ ఫక్కున నవ్వింది. అక్క అలా నవ్వడం చెల్లెలు అంతకుముందెప్పుడూ చూడలేదు. తను చూడకుండా గడిచిపోయిన ఐదేళ్ళను అక్క ఒక్కొక్కటిగా చెప్పసాగింది. ఏ బజారుకు వెళ్ళేవారో, ఏ మాట మీద అలిగేవారో, ఏ రాత్రి ఎంతసేపు కబుర్లు చెప్పుకునేవారో. చెల్లెలు వింటూ కూర్చుంది. ఎండ కిటికీ మీంచి గోడ మీదికి జరిగింది. పొద్దువాలినా ఇంకా రెండో ఏడాది దగ్గరే ఉన్నారు.