అన్నయ్య చెప్పిన తేదీలు

పదహారేళ్ళ సర్వీసులో ఆమె నడిపిన బస్సుకి చిన్న గీత కూడా పడలేదు. పదకొండో నంబరు రూటు ఆమెదే కాబట్టి డిపోలో అందరూ ఆమెను పదకొండో నంబరు అక్క అనేవాళ్ళు. భర్తతో విడిపోయి ఎనిమిదేళ్ళయింది, పిల్లల్లేరు. నా అనడానికి ఒక్క అన్నయ్యే. స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందీ, డిపోలో దరఖాస్తు పెట్టించిందీ ఆయనే. ఆయన అదే డిపోలో డ్యూటీ గుమాస్తా. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలో రాసి గోడకు అంటించడం ఆయన పని.

మేనకోడలికి పెళ్ళి కుదిరిన రోజు సాయంత్రం అన్నయ్య ఇంట్లో భోజనాలు పెట్టారు. రోజూ తాగే మనిషి, ఆ రోజు ఇంకాస్త హుషారుగా ఉన్నాడు. చెల్లెలి చేతిలో ఒక గ్లాసు పెట్టాడు.

"నాకు తెల్లారకుండానే డ్యూటీ అన్నయ్యా."

"డ్యూటీ వేసేదే నేను. నాకే చెప్తున్నావా? ఇంట్లో మొదటి పెళ్ళి, కాదనకు."

ఒక గ్లాసు మూడయింది. నాలుగోది వదిన లాగేసుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఆ పొద్దున గేటు దగ్గర తనిఖీ పెట్టారు. యంత్రంలో ఊదితే ఎర్ర లైటు వెలిగింది. పావుగంట ఆగి మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ ఎరుపే. ఆమె తల తిప్పి డ్యూటీ కిటికీ వైపు చూసింది. అన్నయ్య కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆయన ఆమె పేరు కొట్టేసి, పక్కన ఇంకొకరి పేరు రాశాడు. బల్ల వెనక కూర్చునేవాళ్ళని ఎవరూ ఊదమనరు.

తిరిగి బస్సు ఎక్కాలంటే పన్నెండు వారాల తరగతులకి వెళ్ళాలన్నారు. అక్కడ పాఠం చెప్పేవాడికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మొదటి రోజే ఎందుకు తాగారని అడిగాడు.

"మా అన్నయ్య పోశాడు."

"మీరు కారణాన్ని బయట వెతుక్కుంటున్నారు," అని ఏదో రాసుకున్నాడు.

రెండో వారం కూడా అదే చెప్పింది. అతను అదే రాసుకున్నాడు. మూడో వారానికి ఆమెకు కిటుకు తెలిసింది. "నాలోనే ఏదో వెలితి ఉంది సార్" అంది. అతని ముఖం విప్పారింది. ఆ తర్వాత తరగతులు చకచకా గడిచిపోయాయి. వెలితి ఏమిటో ఆమెకే తెలియదు గానీ, ప్రతి వారం కొంచెం కొంచెంగా పూడుతోందని చెప్పుకుంటూ వచ్చింది.

ఆఖర్న మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆకుపచ్చ లైటు వెలిగింది. ఏడాదిలో ఆరుసార్లు, ముందు చెప్పకుండా, పరీక్ష చేస్తామని ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు.

పదకొండో నంబరు అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆమెకు స్పేర్ బస్సులు ఇచ్చారు. క్లచ్ తొక్కితే మోకాలు పట్టేసేది, తలుపు తెరుచుకోవడానికి రెండుసార్లు బటన్ నొక్కాలి. అయినా ఇచ్చిందే మహాప్రసాదం అనుకుంది. ఎక్కిన ప్రయాణికుల్లో ఎవరైనా ముక్కు మీద చెయ్యి పెట్టుకుంటే, పక్కనే చెత్తబండి పోతున్నా సరే, తన గురించే అనిపించేది.

ఒక సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. "రేపు కాస్త జాగ్రత్తగా రా."

"ఏం?"

"ఏం లేదులే. జాగ్రత్తగా రా అంతే."

మర్నాడు రెండో ట్రిప్పు ముందు పరీక్షకి పిలుపు వచ్చింది. ఆమెకు అప్పుడర్థమైంది. పరీక్షకి ఎవరిని పిలిచినా, వాళ్ళ ట్రిప్పు నడపడానికి మరో డ్రైవరుని ముందురోజే సిద్ధం చేయాలి. ఆ కబురు డ్యూటీ గుమాస్తాకే వస్తుంది.

రెండోసారీ ఫోన్ వచ్చింది, మూడోసారీ వచ్చింది. నాలుగోసారి ఆమె డ్యూటీ కిటికీ దగ్గరికే వెళ్ళింది.

"నేను తాగడం లేదన్నయ్యా. ఆ రోజు తర్వాత చుక్క ముట్టలేదు."

"నాకు తెలీదా?"

"తెలిస్తే ఫోన్ చేసేవాడివి కాదు."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, నీ ఉద్యోగం నిలబెడదామనే కదా. ఏ బలహీన ఘడియలోనో... మనిషన్నాక..."

ఆ మాటతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తొమ్మిది నెలలుగా ఒక్కో రోజూ పంటి బిగువున నెట్టుకొచ్చింది. మందు ఉంటుందనుకున్న చోటికి పోలేదు, పుట్టినరోజుకి పిలిస్తే తలనొప్పని చెప్పి తప్పించుకుంది. గ్లాసు చేతిలో పెట్టినవాడే ఇప్పుడు నువ్వు ఆగలేవులే అన్నట్టు కాపలా కాస్తున్నాడు. ఆకుపచ్చ లైటు వెలిగినప్పుడల్లా, దాన్ని తనే వెలిగించినట్టు కిటికీలోంచి నవ్వుతున్నాడు.

"ఇంక చెయ్యకు," అంది.

"సరేలే," అన్నాడు.

ఐదో పరీక్షకి ముందు సాయంత్రం ఫోన్ మోగింది. ఆమె ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. ఒకే ఒక్క మాట: రేపు.

పరీక్ష చేసేది రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దావిడ. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. కాగితంలోని ప్రశ్నలు తల ఎత్తకుండా చదువుతుంది. "మందులేమైనా వాడుతున్నారా? లేదు. నోట్లో ఏమైనా ఉందా? లేదు. ఈ పరీక్ష సంగతి మీకు ముందే తెలుసా?" జవాబు వినకుండానే లేదు అని రాయబోయింది. అందరూ చెప్పేది అదే. ఆమె కూడా నాలుగుసార్లు అదే చెప్పింది.

"తెలుసు," అంది ఈసారి.

పెద్దావిడ కలం ఆపింది. "అమ్మా, ఇంకోసారి అడుగుతాను. ఆలోచించి చెప్పండి."

ఆమె ఆలోచించింది. నిజం చెప్పాలనిపించిందో, అన్నయ్య మీద కసి తీర్చుకోవాలనిపించిందో, తర్వాత తనను తాను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా ఆమెకు తేలలేదు.

"తెలుసండీ. నిన్ననే చెప్పారు."

"ఎవరు?"

ఫోన్ తీసి మెసేజ్ చూపించింది. ఆ తర్వాత యంత్రంలో ఊదింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

విచారణ రెండు వారాల్లో ముగిసింది. జరిగిన పరీక్షలు ఏవీ చెల్లవన్నారు. ఆరూ మళ్ళీ మొదటినుంచి. ఏడాది కూడా మళ్ళీ మొదటినుంచి. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటారేమోనని మనసులో ఏ మూలో ఆశ ఉండేది. మేనేజరు కాగితం ముందుకు తోస్తూ, "నాలుగుసార్లు అబద్ధం చెప్పి ఐదోసారి నిజం చెప్పారు, అవునా?" అన్నాడు. ఆమె సంతకం పెట్టింది.

అన్నయ్యని బల్ల దగ్గరినుంచి తీసేశారు. బస్సులు కడిగే షెడ్డుకి పంపారు.

డిపోలో ఆమెను అక్కా అని పిలవడం మానేశారు. టీ తాగే చోటికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఒకడు మాత్రం ఆమెకు వినబడేలాగే అన్నాడు, "సొంత అన్నకే ఎసరు పెట్టింది, మనమెంత?"

చదువు అయ్యాకే అని ఆపిన పెళ్ళికి వారం ముందు మేనకోడలు ఫోన్ చేసింది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "అత్తా, నిన్ను రావద్దని నాన్న అనలేదు. అమ్మ అంది," అని చెప్పింది.

"సరేనమ్మా. నువ్వు బాగుండు."

"నువ్వు ఆ రోజు ఊరికే ఉండాల్సింది అత్తా."

ఏ రోజు అని ఆమె అడగలేదు. గ్లాసు తీసుకోకుండానా, నిజం చెప్పకుండానా? ఏ రోజైనా తప్పు తనదే అవుతుంది.

పెళ్ళయిన రెండు నెలలకి, వానపడుతున్న ఒక మధ్యాహ్నం, వదిన ఆమె బస్సు ఎక్కింది. రెండు చేతుల్లో సంచులు. ఎక్కాక గానీ డ్రైవరుని చూసుకోలేదు. దిగిపోదామన్నట్టు ఒక్క క్షణం ఆగింది. బయట వాన కుండపోతగా ఉంది. వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.

ఎనిమిది స్టాపులు. అద్దంలో వదిన కనబడుతూనే ఉంది. దిగాల్సిన చోటుకి ముందు లేచి, సంచులు ఈడ్చుకుంటూ ముందుకొచ్చి డ్రైవరు సీటు వెనక నిలబడింది.

"నిన్న మీ అన్నయ్య ఈ బస్సు కడిగాడట," అంది. "నంబరు కూడా చెప్పాడు."

"వదినా..."

"నీళ్ళలో నాని చేతులు పాసిపోయాయి. రాత్రి ముద్ద కలుపుకోలేకపోయాడు. నేనే తినిపించాను."

"తాగుతున్నాడా ఇంకా?"

"ఇదివరకటికంటే ఎక్కువ. అక్కడ ఊదమనేవాళ్ళు ఎవరున్నారు?"

స్టాపు వచ్చింది. రోడ్డు అంచున నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆమె బస్సుని ఇంకో రెండు అడుగులు ముందుకి తీసుకెళ్ళి, గట్టుకి ఆనించినట్టు ఆపింది. బటన్ నొక్కింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కింది. వదిన దిగి, వెనక్కి చూడకుండా వానలో నడిచిపోయింది.

వెనకాల ఎవరో హారన్ కొట్టారు. ఆమె తలుపు మూసి గేరు వేసింది.